బందరు రేవు – బోస్టన్ రేవు

ఎన్.టి.ఆర్. జిల్లా ఉత్తరపు కొనను, తెలంగాణపు ఎల్లకు చేరువగా తిరువూరు పట్టణము కలదు. 2022వ సంవత్సరము వఱకు ఇది కృష్ణా జిల్లాలోనిది. ఈ ప్రాంతపు మెట్టపొలములలో మిరప, మొక్కజొన్న విరివిగా పండును. పెరటి తోటలలో జామయు, బొప్పాయియు కాయును. కొండ గట్టులపై సీతాఫలము తనంతట తానే పెరుగును. మిరపకాయ లేని తెలుగువారి భోజనమును నేడు ఊహింపజాలము. అయినను 550 ఏండ్లకు పూర్వము ఈ చెట్లలో ఒక్కటియు ఈ గడ్డపై లేదు. ఆనాటి తెలుగువారు కారమునకు మిరియములనే వాడుచుండిరి. మిరప, మొక్కజొన్న, జామ, బొప్పాయి, సీతాఫలము, వేరుసెనగ, పొగాకు – ఇవి యన్నియు అమెరికా ఖండమునుండి ఐరోపావారి ఓడలపై వచ్చినవే.

ఆ ఓడలు మొక్కలను మాత్రమే మోసికొని రాలేదు. వర్తకమును, ఫిరంగిని, కొత్త పన్నులను, కొత్త ప్రభుత్వములను గూడ అవియే తెచ్చినవి. ఒకే దేశపు వర్తకులు, ఒకే కాలమున, పడమట అమెరికా తీరమునకును, తూర్పున ఆంధ్రతీరమునకును చేరిరి. రెండువందల యేండ్లు గడచునప్పటికి అమెరికాలోని వలసలు స్వతంత్రమై గణతంత్ర రాజ్యముగా నిలిచెను. ఆంధ్రతీరము మాత్రము ఆ వర్తకులకే దాసోహమనెను. ఒకే చేతితో చల్లిన విత్తనము ఒకచోట ఒక పంటను, వేఱొకచోట వేఱొక పంటను ఏల యిచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్నచో బందరు రేవు కథను, బోస్టన్ రేవు కథను పక్కపక్కన పెట్టి చదువవలెను.

ఐరోపావారికి మిరియములు, లవంగములు, పట్టుబట్టలు, నూలుబట్టలు మిక్కిలి ప్రియమైనవి. అవి అరబ్బుల చేతులమీదుగా పోవుటచే వెల హెచ్చుగా నుండెడిది. ఇండియాకు తామే నేరుగా సముద్రమార్గమును కనుగొనవలెనని వారు తలచిరి. భూమి గుండ్రముగా నున్నది గనుక పడమటికి పోయినను తూర్పుదేశములను చేరవచ్చునని క్రిస్టఫర్ కొలంబసు నమ్మెను. స్పెయిను రాజదంపతుల సాయముతో మూడు ఓడలపై బయలుదేరి 1492 అక్టోబరు 12న అతడొక దీవిని చేరెను. అది ఆసియాలోని దీవియే యని అతడు భ్రమపడెను. అందుచేతనే అచ్చటి ఆదివాసులకు ‘ఇండియనులు’ అను పేరు వచ్చెను. అసలైన ఇండియాను 1498లో పోర్చుగీసు నావికుడు వాస్కోడగామా ఆఫ్రికాను చుట్టివచ్చి, కాలికట్టు రేవున చేరెను. ఇట్లు ఇండియాకొఱకు వెదకినవారికి అమెరికా దొరికెను. తరువాతి చరిత్రలో ఈ రెండు దేశముల పేర్లు మాత్రమే గాక, వాటి గతులును కొంతకాలము పెనవేసికొని పోయినవి.

ఇంగ్లండులో 1600 డిసెంబరు 31న ఎలిజబెత్తు రాణి తూర్పు ఇండియా కంపెనీకి అధికార పత్రము నిచ్చెను. 1606లో జేమ్సు రాజు వర్జీనియా కంపెనీకి అట్టి పత్రమునే యొసగెను. మొదటిది తూర్పుదేశములతో వర్తకము చేయుటకు, రెండవది అమెరికాలో వలసలు నెలకొల్పుటకు. రెండింటిలోను లండను వర్తకులే పెట్టుబడి పెట్టిరి. సర్ థామస్ స్మైత్ అనునతడు తూర్పు ఇండియా కంపెనీకి గవర్నరుగాను, వర్జీనియా కంపెనీకి కోశాధికారిగాను ఏకకాలమున పని చేసెను. 1607లో వర్జీనియా కంపెనీవారు జేమ్సుటౌను అను వలసను స్థాపించిరి. నాలుగేండ్ల తరువాత, 1611లో, తూర్పు ఇండియా కంపెనీవారి ‘గ్లోబు’ అను ఓడ మచిలీపట్టణపు రేవున లంగరు వేసెను.

మచిలీపట్టణమునకే బందరు అని పేరు. పారశీక భాషలో బందరు అనగా రేవని యర్థము. ఆ కాలమున అది గోలకొండ సుల్తానుల రాజ్యమునకు సింహద్వారము వంటిది. పారశీకమునకు, పెగూకు, సుమత్రాలోని అచే రాజ్యమునకు ఇచ్చటినుండి ఓడలు పోవుచుండెను. గోలకొండ వజ్రములు, ఉక్కు, నీలిమందు, ముఖ్యముగా అద్దకపు బట్టలు ఎగుమతి యగుచుండెను. కృష్ణాతీరపు ఇసుక నేలలలో పెరుగు చిరివేరునుండి తీసిన ఎఱ్ఱరంగు ఎన్ని ఉతుకులు ఉతికినను పోవునది కాదు. కలముతో చిత్రించి, ఆ రంగును పట్టించిన కలంకారీ వస్త్రములకు ఐరోపా యందు గిరాకి మిక్కుటముగా నుండెను. పెడనలో నేటికిని ఆ విద్య నిలిచియున్నది.

ఇంగ్లీషువారికి ముందే, 1605లో, డచ్చివారు మచిలీపట్టణము చేరి వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. ఇంగ్లీషువారు వారి వెనుక వచ్చి, సుల్తాను అధికారులకు కానుకలిచ్చి, వినయముతో మెలగుచు వర్తకము సాగించిరి. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వారికి ఒక ఫర్మానా నొసగెను. ఏటికి 500 వరహాలు చెల్లించినచో గోలకొండ రేవులలో సుంకము లేకుండ వర్తకము చేసికొనవచ్చునని దాని సారాంశము. దీనికే ‘బంగారు ఫర్మానా’ అని చరిత్రకారులు పేరు పెట్టిరి. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడు అను తెలుగు నాయకుడు చెన్నపట్టణము నెలకొన్న చోటును ఇంగ్లీషువారికి దయచేసెను. 1669లో ఫ్రెంచివారును మచిలీపట్టణమున కొట్లు తెఱచిరి. ఈ మూడు జాతులవారికిని ఆనాడు కావలసినది బట్టలే గాని భూమి కాదు. సాలెవారికి ముందుగా బయానా ఇచ్చి, తమకు నచ్చిన కొలతలలో నేయించుకొని, ఓడల కెక్కించుటయే వారి పని.

అమెరికాలో పరిస్థితి వేఱు. అచ్చట కొనుటకు సిద్ధముగా నేసిన బట్టలు లేవు, రేవులు లేవు, సుల్తాను లేడు. వలసవారికి కావలసినది భూమియే. తొలి చలికాలములలో జేమ్సుటౌను వారు ఆకలికిని, జబ్బులకును గుంపులుగా మరణించిరి. ఆదివాసులు ఇచ్చిన మొక్కజొన్నయే మిగిలినవారిని బ్రదికించెను. 1612 ప్రాంతమున జాన్ రాల్ఫు అనునతడు పొగాకు సేద్యము మొదలిడగా, ఇంగ్లండులో దానికి మంచి ధర పలికెను. పొగాకు తోటలకు భూమి చాలక వలసవారు ఆదివాసులను అడవులలోనికి నెట్టివేసిరి. మశూచి మొదలగు వ్యాధులు ఐరోపానుండి దిగుమతియై, వాటి నెఱుగని ఆ జనమును తుడిచిపెట్టెను. పనివారు చాలక 1619లో వర్జీనియాకు ఆఫ్రికావారిని తెచ్చి అమ్మిరి. అదే యేడు, అదే వర్జీనియాలో, వలసవారి ప్రతినిధులు కూడిన మొదటి శాసనసభయు సమావేశమయ్యెను. ఒకే సంవత్సరమున బానిసత్వమును, ప్రజాప్రతినిధి సభయు ఆ గడ్డపై అడుగుపెట్టెను. అమెరికా చరిత్రలోని వెలుగునీడలు రెండును ఆనాడే మొదలైనవి.

1620లో ‘మేఫ్లవర్’ అను ఓడపై మఱికొందఱు ప్లిమతు చేరిరి. తమ మతమును తమ యిష్టప్రకారము ఆచరించుకొనవలెనని వచ్చినవారు వారిలో ముఖ్యులు. క్రమముగా అట్లాంటికు తీరమున 13 వలస రాజ్యములు ఏర్పడెను. ప్రతి దానికిని ఒక శాసనసభ యుండెను. పన్ను వేయవలెనన్నచో ఆ సభ సమ్మతి కావలెను. ఈ యలవాటు నూఱేండ్లకు పైగా సాగి, వలసవారి రక్తములో కలిసిపోయెను.

ఈ రెండు తీరములకు నడుమ సంబంధము లేకపోలేదు. చోళమండల తీరపు అద్దకపు బట్టలు లండను చేరి, అటనుండి అమెరికా వలసలకు పోవుచుండెను. తమ నేతగాండ్రకు నష్టము వచ్చుచున్నదని ఇంగ్లండు పార్లమెంటు 1700లోను, 1721లోను ఇండియా అద్దకపు బట్టలపై నిషేధపు చట్టములు చేసెను. అయినను వాటిని తెచ్చి పరదేశములలో మరల అమ్ముకొనుటకు అడ్డు లేకుండెను. ఆ బట్టలలో కొన్ని ఆఫ్రికా తీరమునకు పోయి, అచ్చట మనుష్యుల వెలగా మాఱెను. గుడ్డను నేసినవాడు తన నేత ఎవరి మెడకు సంకెల యగునో ఎఱుగడు. చెన్నపట్టణమున 1687 నుండి 1692 వఱకు గవర్నరుగా నుండి ధనవంతుడైన ఎలిహు యేలు, 1718లో అమెరికాలోని ఒక చిన్న కళాశాలకు తొమ్మిది మూటల సరకును, 417 పుస్తకములను పంపెను. ఆ సరకు నమ్మగా వచ్చిన సొమ్ముతో భవనము కట్టి, ఆ కళాశాలకు అతని పేరే పెట్టిరి. నేడు జగద్విఖ్యాతమైన యేలు విశ్వవిద్యాలయము అదియే.

పదునెనిమిదవ శతాబ్ది నడుమ ఇంగ్లీషువారికిని, ఫ్రెంచివారికిని లోకమంతట పోరు రేగెను. గోలకొండ రాజ్యము 1687లో ఔరంగజేబు వశమై, తరువాత నైజాముల పాలనలోనికి వచ్చెను. 1748లో మొదటి నైజాము మరణింపగా వారసులు కలహించుకొనిరి. తమకు తోడ్పడిన ఫ్రెంచి సేనాని బుస్సీకి సలాబత్‌జంగు 1753లో ఉత్తర సర్కారులలో నాలుగింటిని ఒసగెను. 1754లో అమెరికా అడవులలో ఫ్రెంచివారితో తొలి కాల్పులు జరిపినవాడు వర్జీనియా సైన్యములోని యువాధికారి జార్జి వాషింగ్టను; అప్పటికి అతని వయస్సు 22 ఏండ్లు. 1758 డిసెంబరులో చందుర్తి యొద్దను, 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోట యొద్దను కర్నలు ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించెను. ఆ యేటి సెప్టెంబరులోనే అమెరికా యందు క్విబెకు నగరము ఇంగ్లీషువారి వశమయ్యెను. బందరు కోటపైని జెండా మాఱుటయు, క్విబెకు కోటపైని జెండా మాఱుటయు ఒకే యుద్ధములోని రెండు ఘట్టములు. 1763లో ప్యారిసు సంధితో ఆ యుద్ధము ముగిసెను.

యుద్ధము ముగిసెను గాని యుద్ధపు అప్పు మిగిలెను. ఆ యప్పును ఎవరు తీర్చవలెను? ఇచ్చటనే రెండు తీరముల కథలు వేఱు దారులు పట్టినవి. 1765లో ఇంగ్లండు పార్లమెంటు అమెరికా వలసలపై స్టాంపు పన్ను విధించెను. పత్రములకు, వార్తాపత్రికలకు, దస్తావేజులకు ఆ ముద్ర యుండవలెనని శాసించెను. తమ ప్రతినిధులు లేని సభ తమపై పన్ను వేయజాలదని వలసవారు ఎదిరించిరి. మరుసటి యేడే పార్లమెంటు ఆ చట్టమును రద్దు చేసెను. అదే 1765 ఆగస్టులో మొగలు చక్రవర్తి షా ఆలం బెంగాలు దివానీతో పాటు ఉత్తర సర్కారులను గూడ కంపెనీకి ధారపోసెను. ఆ చక్రవర్తి సర్కారులను కన్నులతో చూచినవాడు కాడు. ఇచ్చటి రైతుల నడిగినవాడు కాడు. 1766లో కంపెనీ సేనాని కైలాడు కొండపల్లి దుర్గమును పట్టుకొనెను. ఆ నవంబరులో కాండ్రేగుల జోగిపంతులు మధ్యవర్తిగా నైజాముతో సంధి కుదిరి, సర్కారులు కంపెనీ పరమయ్యెను. సాలెవాని వాకిట బయానా చేతబట్టి నిలిచిన వర్తకుడు, ఇప్పుడు రైతు కళ్లమున శిస్తు పట్టీ చేతబట్టి నిలిచెను.

1770లో బెంగాలును ఘోర క్షామము పీడించెను. కంపెనీ ఆదాయము తగ్గి, సైనిక వ్యయము పెరిగి, 1773 నాటికి దివాలా యంచున నిలిచెను. చైనానుండి తెచ్చిన తేయాకు లండను కొట్లలో అమ్ముడుపోక పేరుకొనియుండెను. పార్లమెంటు ఆ సరకును అమెరికాలో చౌకగా అమ్ముకొనుటకు కంపెనీకి హక్కు నిచ్చి, దానిపై స్వల్పమైన పన్నును మాత్రము నిలిపియుంచెను. తేయాకు చౌకయైనప్పుడు కోపమెందులకని నేటివారికి తోచవచ్చును. పన్ను ఎంత యనునది కాదు, దానిని వేయు హక్కు ఎవరిది యనునదే వలసవారి ప్రశ్న. బెంగాలులో ఈ కంపెనీ యేమి చేసినదో చూడుడని జాన్ డికిన్సన్ అను రాజనీతిజ్ఞుడు ఒక లేఖను ప్రకటించి తనవారిని హెచ్చరించెను. 1773 డిసెంబరు 16వ తేదీ రాత్రి కొందఱు ఆదివాసుల వేషములు ధరించి, బోస్టన్ రేవులో నున్న మూడు ఓడల నెక్కి, 342 పెట్టెల తేయాకును సముద్రమున పాఱబోసిరి.

ఇంగ్లండు బోస్టన్ రేవును మూసివేసెను. 13 వలసలలో 12 ఒక్కటై 1774లో ఫిలడెల్ఫియా నగరమున కాంగ్రెసును సమావేశపఱచెను. 1775 ఏప్రిలులో యుద్ధము మొదలయ్యెను. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడెను. 1778లో ఫ్రాన్సు అమెరికా పక్షమున చేరెను. దక్షిణ భారతమునను అదే సమయమున మైసూరు హైదరాలీ ఇంగ్లీషువారితో తలపడెను. అతని పేరు అమెరికా వఱకు పాకెను. పెన్సిల్వేనియావారు తమ యుద్ధనౌక యొకదానికి హైదరాలీ పేరు పెట్టుకొనిరి. ఆ యుద్ధమునకు ఓడపై పొమ్మని ఆజ్ఞాపింపగా, 1780 అక్టోబరులో విశాఖపట్టణమునందలి సిపాయిలు పోమని తిరుగబడిరి. కాని ఆ తిరుగుబాటును వెనుక నుండి నిలబెట్టు సభ గాని, కాంగ్రెసు గాని ఇచ్చట లేవు. అది కొలది దినములలో అణగిపోయెను.

1781 అక్టోబరు 19న యార్కుటౌను వద్ద లార్డు కారన్‌వాలీసు తన సైన్యముతో జార్జి వాషింగ్టనుకు లొంగిపోయెను. 1783లో ఇంగ్లండు అమెరికా స్వాతంత్ర్యమును అంగీకరించెను. మరుసటి యేడు అమెరికా జెండాతో ఒక వర్తకపు ఓడ పుదుచ్చేరి రేవునకు వచ్చెను. యార్కుటౌనులో తలవంచిన ఆ కారన్‌వాలీసే 1786లో ఇండియాకు గవర్నరు జనరలై వచ్చెను. అతని కాలమున, 1788లో, గుంటూరు సర్కారును కంపెనీవారు స్వాధీనము చేసికొనిరి. అమెరికాలో పోగొట్టుకొన్నదానిని ఇంగ్లీషువారు ఇండియాలో వెదకికొనిరని చెప్పినచో అతిశయోక్తి కాదు.

1787లో అమెరికా ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కూడి రాజ్యాంగమును రచించిరి. రాజు లేని రాజ్యమును నడుపుట యెట్లని వారు ఆలోచించిరి. శాసనములు చేయువారు, అమలు జరుపువారు, తీర్పు చెప్పువారు ఒకరే యైనచో నిరంకుశత్వము తప్పదని తలచి, ఆ మూడధికారములను విడదీసి, ఒకదానికొకటి కాపలాగా నిలిపిరి. 1789 ఏప్రిలు 30న వాషింగ్టను తొలి అధ్యక్షుడయ్యెను. 1791లో వాక్స్వాతంత్ర్యము, మతస్వాతంత్ర్యము మొదలగు హక్కులు రాజ్యాంగమున చేరెను. రెండుమారులు అధ్యక్షుడుగా నుండి, 1797లో వాషింగ్టను తానై పదవిని విడిచి తన పొలమునకు మరలిపోయెను. సింహాసనము నెక్కగలిగియు ఎక్కకపోవుట ఆ కాలమున లోకమునకు వింత.

అయినను ఆ గణతంత్రమున లోపములు గలవు. మనుష్యులందఱు సమానులని చాటిన దేశమున 1865 వఱకు బానిసత్వము కొనసాగెను. దేశమంతటను స్త్రీలకు ఓటుహక్కు 1920లో గాని రాలేదు. ఆ భూమికి మొదటి యజమానులైన ఆదివాసులందఱికిని పౌరసత్వము 1924లో గాని లభింపలేదు. అమెరికా వలసవారు ఇంగ్లండునుండి పోయినవారే. తమ స్వేచ్ఛకై పోరాడినవారే ఇతరుల భూమిని ఆక్రమించిరి. నిజమునకు కంపెనీ పాలన క్రింది ఆంధ్రులను పోల్చవలసినది ఆ వలసవారితో గాదు. భూమి పోగొట్టుకొన్న ఆదివాసులతోను, శ్రమ పోగొట్టుకొన్న బానిసలతోను.

సర్కారులలో తరువాతి కథ కరుణాజనకము. 1794లో బకాయిలు చెల్లింపుమనియు, రాజ్యము విడిచి మచిలీపట్టణమున నుండుమనియు కంపెనీ ఆజ్ఞాపింపగా విజయనగర ప్రభువు విజయరామరాజు అంగీకరింపలేదు. జూలై 10న పద్మనాభము వద్ద పోరాడి మరణించెను. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చి జమీందారులు స్థిరపడిరి. రైతు మాత్రము స్థిరపడలేదు. కాలువలు లేని ఆ దినములలో, 1832–33లో, నందన కరువు గుంటూరు మండలమున లక్షకు పైగా జనులను బలిగొనెను. లాంకషైరు మరబట్ట వచ్చిపడి బందరు అద్దకమును క్రుంగదీసెను. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి మచిలీపట్టణమున సుమారు 30,000 మందిని ముంచివేసెను. సింహద్వారము వంటి రేవు చిన్నబోయెను.

ఇంతకును మొదటి ప్రశ్నకు సమాధానమేమి? అమెరికా వలసలకు సభలుండెను. పన్ను వేయువారిని ప్రశ్నించు అలవాటుండెను. 13 రాజ్యములు తమ భేదములను విడిచి ఒక్క కాంగ్రెసుగా కూడెను. ఫ్రాన్సు సాయమును దొరకెను. ఆంధ్రతీరమున వీరులు లేకపోలేదు. కాని ఒక్కొక్క జమీందారు ఒక్కొక్కడుగా పోరాడి ఒక్కొక్కడుగా ఓడిపోయెను. పొరుగువాడు పడినప్పుడు ఇవతలివాడు కంపెనీ పక్షమున నిలిచెను. భూమిని ఇచ్చినవాడు చక్రవర్తి, పుచ్చుకొన్నది కంపెనీ. శిస్తు కట్టిన రైతు మాట ఆ సంధిపత్రములలో ఎచ్చటను లేదు.

ఆ మాట చివరకు వినబడినది. 1921లో సమ్మతి లేని పురపాలకపు పన్నును కట్టమని చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలలో నెలల తరబడి కాపురముండిరి. మరుసటి యేడు పెదనందిపాడు రైతులు శిస్తు నిరాకరించిరి. బోస్టన్ రేవున 1773లో పుట్టిన ప్రశ్నయే ఆ పాకలలో మరల పుట్టెను. భేదమేమనగా, ఇచ్చటివారు వేషము వేసికొనలేదు, రాత్రికై వేచియుండలేదు, పట్టపగలు, ముఖము దాచుకొనక, కష్టమును తమపైనే వేసికొనిరి. 1947లో స్వాతంత్ర్యము వచ్చెను. 1950 జనవరి 26న భారతదేశము గణతంత్రమై, స్త్రీపురుష భేదము లేక, కులభేదము లేక, వయోజనులందఱికిని ఒక్కసారిగా ఓటు నిచ్చెను. అమెరికాకు నూఱేండ్లకు మించి పట్టిన పని యిది. రెండు దేశముల రాజ్యాంగములును ప్రజల పేరిటనే ప్రారంభమగును.

మిరపగింజ అమెరికానుండి వచ్చి తెలుగునేలలో వేరూని, తెలుగువారి పంటయే యయ్యెను. సమ్మతి లేని పన్ను చెల్లదను భావము గూడ ఎచ్చట పుట్టినను, నేడు ఈ నేల పంటయే. పంటకు కాపు కావలసినట్లే దానికిని కాపు కావలెను. తన ఊరి పంచాయతి వేయు పన్ను ఎవరు వేసిరి, ఎందులకు వేసిరి, ఎట్లు ఖర్చు చేసిరి అని అడుగు పౌరుడే ఆ కాపు. అడుగువారు లేని రాజ్యమును వర్తకుడైనను ఏలగలడని బందరు రేవు చరిత్ర చెప్పుచున్నది.